నల్ల కారు ఎందుకు తెల్లబోతుంది?

ఒకే రోజు, ఒకే దుకాణంలో రెండు కార్లు కొన్నారనుకోండి. ఒకటి తెల్లది, రెండోది నల్లది. రెండూ ఒకే వీధిలో, ఒకే ఎండలో, ఒకే దుమ్ములో తిరిగాయి. రెండింటినీ ఒకే మనిషి, ఒకే గుడ్డతో తుడిచాడు. రెండేళ్ల తరువాత చూస్తే తెల్ల కారు ఇంచుమించు కొత్తదానిలాగే ఉంటుంది. నల్ల కారు మాత్రం బూడిద పూసినట్టు వెలవెలబోతుంది. ఎండలోకి తెచ్చి నిలబెడితే ఒళ్లంతా సాలెగూడు పరిచినట్టు సన్నని గీతలు. చూసినవాళ్లు "నల్ల రంగు నిలవదు, ఎండకు వెలిసిపోతుంది" అనేస్తారు. ఈ మాట నిజమేనా?

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అబ్బాయి ఇదే సంగతి అడిగాడు. వాళ్ల నాన్న డ్రైవరు. యజమానికి తెల్ల కారు ఉన్నన్నాళ్లూ ఆయనకు ఎప్పుడూ మాట రాలేదట. నల్ల కారు కొన్న ఏడాదిన్నరకే "చూసుకోకుండా పాడు చేశావు" అని సణుగుడు మొదలైంది. కొత్తగా రంగు వేయించే ఖర్చు జీతంలో పట్టుకుంటానని కూడా అన్నాడట. "మా నాన్న రోజూ తెల్లారకముందే లేచి కారంతా తుడుస్తాడు సార్. సాయంత్రం మళ్లీ తుడుస్తాడు. అయినా ఎందుకు పాడైంది?" అని అబ్బాయి ప్రశ్న. జవాబులో సగం ఆ ప్రశ్నలోనే ఉంది. మిగతా సగం కోసం కాంతి పాఠం కాస్త తిరగెయ్యాలి.

ముందు నలుపు సంగతి చూద్దాం. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి మీ అమ్మమ్మ కాటుక పట్టడం చూశారా? ఆ పళ్లేనికి అంటుకున్న మసి కర్బనం. నల్ల కారు రంగులో ఉండేది కూడా ఇంచుమించు ఆ మసే. కాకపోతే కర్మాగారంలో ఎంతో సన్నగా, ఒకే తీరుగా తయారు చేస్తారు. దాన్ని కార్బన్ బ్లాక్ అంటారు. ఎర్ర రంగులు, కొన్ని నీలి రంగులు ఎండలోని అతినీలలోహిత కిరణాలకు విరిగిపోయి వెలిసిపోవచ్చు. కర్బనం అంత తేలికగా లొంగదు. తాటాకు గ్రంథాలు చూసినవాళ్లకు ఇది తెలుసు. గంటంతో గీసిన అక్షరాల్లో మసి రుద్దేవారు. వందల ఏళ్లు గడిచినా ఆ అక్షరాలు నల్లగానే ఉన్నాయి. ఆకు చివికిపోతుంది గాని అక్షరం తెల్లబడదు.

అంతగా నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష చెయ్యండి. వెలవెలబోయిన నల్ల కారు బానెట్ మీద ఒక చెంబు నీళ్లు పొయ్యండి. తడిసినంత మేరా కొత్త కారులా నిగనిగలాడుతుంది. ఆరగానే మళ్లీ మామూలే. రంగే వెలిసిపోయి ఉంటే చెంబెడు నీళ్లు దాన్ని తిరిగి ఎలా తెచ్చాయి? అంటే నలుపు ఎక్కడికీ పోలేదు. దాని పైన తెలుపు వచ్చి చేరింది!

ఈ తెలుపు ఎక్కడిదో మీ చిన్నప్పటి రాతి పలక చెబుతుంది. పొడిగా ఉన్న పలక బూడిద రంగులో ఉంటుంది. తడిగుడ్డ పెట్టి తుడవగానే నల్లబడుతుంది. పలక పైభాగం కంటికి కనిపించని గుంటలతో, మిట్టలతో నిండి ఉంటుంది. వాటి మీద పడ్డ కాంతి ఒక్కొక్క చోట ఒక్కొక్క దిక్కుకు చెదురుతుంది. అందులో కొంత మీ కంట్లోకి వస్తుంది. అదే బూడిద రంగు. నీళ్లు పోస్తే గుంటలు నిండి పైభాగం చదునవుతుంది. అప్పుడు కాంతి చెదరకుండా ఒక్క దిక్కుకే పరావర్తనం చెందుతుంది. ఆ దిక్కున మీ కన్ను లేకపోతే మీకు కనిపించేది లోపలి నలుపు ఒక్కటే. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్ల గ్రానైటుదీ ఇదే కథ. కొండ నుంచి కోసి తెచ్చిన రాయి బూడిద రంగులో, గరుకుగా ఉంటుంది. సాన పట్టి నునుపు చేశాక అద్దంలా, నల్లగా మెరుస్తుంది. రాయికి ఎవరూ రంగు వెయ్యలేదు. నునుపు చేశారు, అంతే.

మరి తెల్ల కారు మీద గీతలు ఎందుకు కనిపించవు? ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. ఈ కాలపు కార్ల మీద రంగుకు పైన పారదర్శకమైన ఒక పొర ఉంటుంది. షెడ్డువాళ్లు దాన్ని క్లియర్ కోటు అంటారు. దాని వక్రీభవన గుణకం దాదాపు గాజుదే, సుమారు 1.5. అలాంటి పొర మీద నిటారుగా 100 భాగాల కాంతి పడితే 4 భాగాలు అద్దం మీదలాగా పైనుంచే వెనక్కి పోతాయి. మిగతా 96 భాగాలు లోపలికి వెళతాయి. అడుగున తెల్ల రంగు ఉంటే అందులో చాలా భాగాన్ని, 80 భాగాలనుకుందాం, అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది. అడుగున మసి ఉంటే దాదాపు అంతా మింగేస్తుంది. మహా అయితే ఒక భాగం బయటకు వస్తుంది. ఇప్పుడు పైపొర మీద ఒక గీత పడి మరొక భాగం కాంతిని చెదరగొట్టిందనుకోండి. తెల్ల కారులో 80 కాస్తా 81 అవుతుంది. కన్ను దాన్ని పట్టుకోలేదు. నల్ల కారులో 1 కాస్తా 2 అవుతుంది. అంటే రెట్టింపు! పట్టపగలు వెలిగించిన దీపం ఎవరి కంటా పడదు. అమావాస్య రాత్రి అదే దీపం కోసు దూరం కనిపిస్తుంది.

కాబట్టి గీతలు రెండు కార్ల మీదా ఒక్కలాగే పడ్డాయి. తెల్లది దాచుకుంది, నల్లది చెప్పేసింది. కావలసినవాళ్లు చీకటి పడ్డాక తెల్ల కారు మీద టార్చి ఏటవాలుగా పట్టి, వెలుగు మెరిసే చోట దగ్గరగా చూడండి. దాచుకున్న గీతలు అక్కడ బయటపడతాయి.

ఇంకొక వింత ఉంది. నల్ల కారు మీద సూర్యుడి ప్రతిబింబం ఉన్న చోట గీతలు దాని చుట్టూ గుండ్రంగా, వలయాలుగా కనిపిస్తాయి. అందుకే "గుండ్రంగా తుడిచాడు, అందుకే ఇలా అయింది" అని చాలామంది అంటారు. ఈ మాట సగమే నిజం. మీ ఇంట్లో బాగా వాడిన స్టీలు పళ్లెం తీసుకుని బల్బు కింద పట్టుకోండి. బల్బు ప్రతిబింబం చుట్టూ సన్నని వలయాలు కనిపిస్తాయి. ఇప్పుడు పళ్లేన్ని కదపకుండా మీ తల పక్కకు జరపండి. ప్రతిబింబం జరుగుతుంది, వలయాల నడిబొడ్డు కూడా దానితోపాటే జరుగుతుంది! గీతలు లోహంలో చెక్కినవి కదా, అవి ఎలా కదిలాయి? అవి కదల్లేదు. పళ్లెం మీద గీతలు అన్ని దిక్కులకూ ఉన్నాయి. ఒక గీత కాంతిని తన పొడవుకు అడ్డంగానే చెదరగొడుతుంది. అందువల్ల ప్రతిబింబం నుంచి గీత దాకా మీరు ఊహించుకునే రేఖకు ఏ గీత అడ్డంగా ఉంటుందో అదే మీ కంటికి మెరుస్తుంది. తక్కినవి అక్కడే ఉండి కూడా కనిపించవు. అలా అడ్డంగా ఉన్నవన్నీ కలిసి వలయంలా తోస్తాయి. గీతలు వలయాలుగా లేవు. వలయం మీ కన్నూ, దీపమూ కలిసి గీసింది. ఈ ప్రయోగానికి పైసా ఖర్చు లేదు. ఇవాళ అన్నం తినగానే, పళ్లెం కడిగి మరీ చెయ్యండి.

ఇక గీతలు గీసేది ఎవరు? మన రోడ్ల దుమ్ములో ఇసుక ఉంటుంది, ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రానిది 10. క్వార్ట్జ్‌ది 7, గాజుది సుమారు 5.5, మన గోరుది సుమారు 2.5. కారు పైపొర గాజు కాదు, ఒక రకమైన ప్లాస్టిక్. క్వార్ట్జ్ ముందు అది ఏ మూలకూ చాలదు. దుమ్ము దానంతట అది కారు మీద కూర్చుంటే ఏ హానీ లేదు. పొడిగుడ్డ తీసుకుని దాని మీద చెయ్యి వేసి నొక్కి లాగామా, ఆ గుడ్డ ఉప్పుకాగితం అయిపోతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఏడాదిన్నర పాటు. లెక్క మీరే వెయ్యండి.

ఆ అబ్బాయికి నేను చెప్పింది ఇదే. మీ నాన్న పని తక్కువ చేసి కారు పాడు కాలేదు, ఎక్కువ చేసి అయింది. అందులో ఆయన తప్పు కూడా లేదు. దుమ్ము కనబడితే యజమాని ఊరుకోడు. పొద్దున్నే కారు కడగడానికి నీళ్లు ఎవరూ ఇవ్వరు. చేతిలో ఉన్నది గుడ్డ ఒక్కటే. పాత తెల్ల కారు మీద కూడా టార్చి పట్టి యజమానికి చూపించమన్నాను. ఇంట్లో స్టీలు పళ్లెం కూడా చూపించాడట ఆ డ్రైవరు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు గాని, జీతంలో కోత మాట మళ్లీ రాలేదని పిల్లవాడు చెప్పాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు కడగడానికి నీళ్లు ఇస్తున్నారట.

ఈ గొడవంతా ఎంత మందం కోసమో తెలిస్తే ఆశ్చర్యపోతారు. కారు రేకు మీద ముందుగా తుప్పు ఆపే పొర, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోటు ఉంటాయి. ఈ నాలుగూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఒక జెరాక్సు కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు. అంటే లక్షల రూపాయల కారు అందమంతా ఒకటి, ఒకటిన్నర కాగితాల మందంలో ఉంది. అందులో క్లియర్ కోటు వంతు 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. మీ తల వెంట్రుక అంతకన్నా లావు. అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనాలు కూడా ఈ పొరలోనే కలిపి ఉంటాయి.

పూర్వం ఈ పారదర్శక పొర లేదు. హెన్రీ ఫోర్డు తన మోడల్ టి కార్లను 1914 నుంచి 1925 దాకా ఒక్క నల్ల రంగులోనే అమ్మాడు. ఆ రంగు తారు జాతి పదార్థంతో చేసి కొలిమిలో కాల్చినది. జపాను లక్క పనిని అనుకరించింది కాబట్టి దానికి జపాన్ బ్లాక్ అని పేరు. మన అంబాసిడర్ల కాలంలో కూడా రంగే పైపొర. పాలిష్ పెట్టి రుద్దితే కారు రంగు గుడ్డకు అంటుకునేది. మీ తాతగారి తరం డ్రైవర్లను అడగండి, చెబుతారు. ఇప్పటి కారును రుద్దితే గుడ్డకు రంగు అంటదు. దాంతో ఏమీ అరగడం లేదనుకుంటారు. అరుగుతోంది. అరిగేది పారదర్శకమైనది కాబట్టి కంటికి కనిపించదు, అంతే.

సరే, కడగడం ఎలా? కారు నీడలో ఉండాలి, రేకు చల్లబడి ఉండాలి. ముందు గుడ్డ ముట్టుకోకుండా పైనుంచి కిందికి ధారాళంగా నీళ్లు పొయ్యాలి. వదులుగా ఉన్న ఇసుక చాలావరకు దానితోనే జారిపోతుంది. అసలు పని ఇదే. తరువాత కార్లకని అమ్మే షాంపూ నీటిలో కలిపి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో, ఏమాత్రం నొక్కకుండా, పైభాగం మొదలుకొని కిందికి తుడవాలి. నురుగు ఉన్నది చూపులకు కాదు. సబ్బు అణువులు రేణువుల చుట్టూ చేరి వాటిని పైకి తేలుస్తాయి, గుడ్డను జారేటట్టు చేస్తాయి. చక్రాల దగ్గర, అంచుల కింద ఇసుక ఎక్కువ కాబట్టి అవి అన్నిటికన్నా చివర, వేరే గుడ్డతో. బకెట్లు రెండు ఉండాలి, ఒకటి సబ్బునీళ్లకు, ఒకటి గుడ్డ జాడించడానికి. ఒకే బకెట్‌లో ముంచుతూ ఉంటే కారు మీద నుంచి తీసిన ఇసుకనే తిరిగి కారుకు పూస్తున్నట్టు లెక్క. గుడ్డ చెయ్యి జారి నేల మీద పడిందా, ఇక ఆ రోజుకు దాన్ని కారుకు తగలనివ్వకండి. చేతి ఉంగరం, గడియారం తీసి పెట్టండి. తుడిచేటప్పుడు గుండ్రంగా కాకుండా నిలువుగా లాగండి. అప్పుడు ఒకవేళ గీత పడినా అన్నీ ఒకే దిక్కుగా ఉంటాయి. పళ్లెం ప్రయోగం గుర్తుంది కదా? ఒకే దిక్కు గీతలు కొన్ని వైపుల నుంచే కనిపిస్తాయి, అన్ని వైపుల నుంచీ మెరవవు.

నీళ్లు లేని రోజున? కారును ముట్టుకోకండి. దుమ్ము ఉంటే ఉండనివ్వండి. ముందు అద్దాన్ని నీళ్లు చిమ్మి శుభ్రం చేసుకుంటే ప్రయాణానికి చాలు. దుమ్ము వాన పడితే పోతుంది, గీత పోదు.

కడిగిన నీళ్లు ఆరకముందే మెత్తని గుడ్డతో అద్ది తడి తీసెయ్యాలి. మన ఊళ్లలో చాలాచోట్ల బోరునీళ్లే గతి. వాటిలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. చుక్క ఎండలో ఆరిపోతే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి, కాల్షియం కార్బొనేట్ తెల్లని ఉంగరంలా మిగులుతుంది. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునేది కూడా అదే. నల్ల కారు మీద ఈ మచ్చలు చుక్కల ముగ్గులా కనిపిస్తాయి. నీటి చుక్క భూతద్దంలా పనిచేసి రంగును కాల్చేస్తుందని కొందరు చెబుతారు. దాన్ని నమ్మకండి. రేకు మీద కూర్చున్న చుక్క ఎండను కూడగట్టే చోటు రేకుకు ఇంకా కింద ఉంటుంది. మచ్చకు కారణం సున్నమే.

కొందరు డ్రైవర్లు కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో గుడ్డ తడిపి కారును మెరిపిస్తారు. మెరుపు నిజంగానే వస్తుంది. కిరోసిన్ వక్రీభవన గుణకం సుమారు 1.44, క్లియర్ కోటుకు దగ్గర. గీతల గుంటల్లో అది నిండితే కాంతికి గుంట ఉన్నట్టే తెలియదు. తడి పలక సంగతే మళ్లీ. కాని కిరోసిన్ కొన్ని గంటల్లో ఎగిరిపోతుంది. డీజిల్ ఎగరదు గాని జిడ్డుగా ఉండి వీధిలోని దుమ్మునంతా పట్టుకుంటుంది. మర్నాడు ఆ దుమ్ము మీద మళ్లీ గుడ్డ! మైనం, అంటే వ్యాక్సు, చేసే పని కూడా గుంటలు పూడ్చడమే, కాకపోతే అది నిలిచి ఉంటుంది. కార్లకు వాడే మైనాల్లో పేరున్నది కార్నౌబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు, వానలు లేని నెలల్లో ఆకుల్లోని నీరు ఆవిరి కాకుండా ఆకుల మీద ఈ మైనం పూసుకుంటుంది. తేనె మైనం 62, 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతే, ఇది 80 డిగ్రీలు దాటాక గాని కరగదు.

ఆ తేడా నల్ల కారుకు ముఖ్యం. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలవారు కాలిఫోర్నియాలో ఒకే రకం కార్లు రెండు, ఒకటి నల్లది, ఒకటి వెండి రంగుది, ఎండలో నిలబెట్టి కొలిచారు. 2011లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం నల్ల కారు పైకప్పు రెండోదానికంటే 25 డిగ్రీల దాకా ఎక్కువ వేడెక్కింది. లోపలి గాలిలో తేడా మాత్రం 5, 6 డిగ్రీలే. మన మే నెలలో నల్ల రేకు మీద 70 డిగ్రీలు దాటడం వింత కాదు. ఆ వేడికి పైపొర కాస్త మెత్తబడుతుంది. అలాంటప్పుడు పిట్ట రెట్ట వేసిందంటే అది అచ్చుగుద్దినట్టు దిగిపోతుంది. రెట్టలోని తెల్ల భాగం యూరిక్ ఆమ్లం. జీర్ణరసాల ఎంజైములు కూడా అందులో ఉంటాయి. చెట్టు నీడ కారుకు మంచిదే గాని, కాకులు, కొంగలు వాలే చెట్టైతే ఆ నీడ కన్నా కప్పు ఉన్న చోటు వెతుక్కోవడం మేలు. రెట్ట పడితే గోకకండి. తడిగుడ్డ దాని మీద కాసేపు వేసి ఉంచి, నానాక ఎత్తెయ్యండి.

పడిన గీతలను షెడ్డులో మిషనుతో రుద్దించి పోగొట్టవచ్చు. వాళ్లు దీన్ని రబ్బింగ్ అంటారు. పేరు సరిగ్గానే పెట్టారు. గీతను పూడ్చరు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీస్తారు. ఒక్కసారికి కొద్ది మైక్రాన్లే పోతాయి. కాని ఉన్నవి 40 అనుకుంటే ఎన్నిసార్లు చెయ్యగలరు? పండగ పండగకూ రబ్బింగ్ చేయిస్తే కొన్నాళ్లకు అంచుల దగ్గర పైపొర పూర్తిగా పోయి రంగు బయటపడుతుంది. ఆపైన ఎండ ఆ రంగును పట్టుకున్న జిగురు మీద పనిచేస్తుంది. కాబట్టి రబ్బింగ్‌కు ముందు ప్రతి గీతనూ ఒకసారి పరీక్షించుకోవాలి.

పరీక్ష సులువే. గీత మీద ఒక నీటి చుక్క వెయ్యండి. చుక్క కింద గీత మాయమైతే అది పైపొరలోనే ఉంది. దాన్ని వదిలేసినా నష్టం లేదు, కంటికి తప్ప. చుక్క కింద కూడా గీత తెల్లగానో బూడిదగానో కనిపిస్తుంటే అది రంగును దాటి ప్రైమరు దాకా పోయింది. గోరుతో అడ్డంగా గీసి చూడండి, గోరు తట్టుకుంటుంది. దాన్ని రుద్దితే లాభం లేదు, అక్కడ రంగు తాకించాలి. గీతలో ఎర్రదనం కనిపిస్తే గాలి, తేమ ఇనుము దాకా చేరి తుప్పు మొదలైందన్నమాట. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఆ తుప్పు మరీ త్వరగా రంగు కిందినుంచి పాకుతుంది. ఇలాంటి గీత ఒక్క అంగుళమే ఉన్నా ఆ వారంలోనే బాగు చేయించమని ఇంట్లో చెప్పండి. నల్ల కారైనా సరే, తెల్ల కారైనా సరే.